రస్సీ ఆయా, కామ్ ఖల్లాస్

ఒమన్‌లో, బిదియాలో ఆ పెద్దాయన మా ఆయనకు పెట్టిన షరతు ఒక్కటే. బండి ఆయనది. ఆ ఇసుకంతా కూడా తనదే అన్నట్టు మాట్లాడేవాడు. మా ఆయన ఆ బండి తీసుకుని ఇసుకలోకి వెళ్ళాలి. లోపలెక్కడో ఉన్న చెట్ల తోపు దాకా పోయి, గుడారం వేసుకుని అక్కడే పడుకుని, మర్నాడు సాయంత్రానికి తిరిగి రావాలి. దారిలో బండి కూరుకుపోతే మనమే తవ్వుకోవాలి, మనమే తోసుకోవాలి. ఎవరైనా వచ్చి తాడు కట్టి లాగారా, ఉద్యోగం లేదు. తాడు వచ్చిందంటే పని పోయినట్టే అని, తనకు వచ్చిన హిందీలో వేలు ఊపుతూ చెప్పాడు: "రస్సీ ఆయా, కామ్ ఖల్లాస్."

ఆయన ఇసుక అంచున టూరిస్టుల కోసం ఒక క్యాంపు నడిపేవాడు. తెల్లవాళ్ళు వస్తారు, బండ్లెక్కి ఇసుక దిబ్బల మీద కెవ్వుకెవ్వుమని అరుస్తూ తిరుగుతారు, ఖర్జూరాలు తిని పోతారు. ఆ బండి తోలడానికి ఒక మనిషి కావాలి. మా ఆయన అప్పటికి ఇబ్రాలో ఒక కట్టుబడి కంపెనీలో పికప్ డ్రైవరు. సైటుకు మేస్త్రీలను దింపడం, సిమెంటు మోయడం, మళ్ళీ మేస్త్రీలను ఎక్కించుకోవడం. తారు రోడ్డు మీద బాగానే తోలతాడు. ఇసుక మాత్రం ఆయనకు కొత్త. క్యాంపులో ఉండే పాకిస్తానీ డ్రైవరు ఒకాయన నాలుగైదు శుక్రవారాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఆయన దేశానికి వెళ్ళిపోతున్నాడు, ఆ సీటు ఖాళీ అవుతోంది.

ఉద్యోగం కోసం నేను అంత ఆరాటపడలేదు. ఆ ఉద్యోగంతో పాటు గది వస్తుంది, అదీ నా ఆరాటం. క్యాంపు వంటగది వెనక, రేకుల కప్పుతో, ఒకే ఒక్క కిటికీతో ఒక గది. "పెళ్ళాన్ని తెచ్చుకో, మా ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర పనికి పెట్టుకుంటాం, పేపర్లు నేను చూసుకుంటాను" అన్నాడట పెద్దాయన. ఆ మాట ఫోన్‌లో విన్నప్పుడు నేను మా మేడం పిల్లాడి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలర్ మాడింది.

మా సంసారం అప్పట్లో ఎలా ఉండేదో చెప్పాలి. నేను మబేలాలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. వంటగది పక్కన గది నాది. అది నాది అని పేరే గాని, ఇస్త్రీ బల్లదీ పిల్లల సైకిళ్ళదీ కూడా. ఆయన ఇబ్రాలో కంపెనీ రూమ్‌లో, పై మంచం మీద. మా మేడం ఇంటి ప్రహరీ గోడ పడిపోతే బాగుచేయడానికి ఆయన మేస్త్రీలను తెచ్చి దింపినప్పుడు పరిచయం. ఆయనది జగిత్యాల దగ్గర, నాది కోనసీమ. రెండువైపులా కాసేపు గొణిగి, సెలవు కలిసొచ్చినప్పుడు పెళ్ళి చేసేశారు. పెళ్ళి హడావుడిలోనే సెలవు అయిపోయింది, ఇక ఎవరి డ్యూటీ వారిది. నెలకో శుక్రవారం ఆయన వచ్చేవాడు. పార్కులో బెంచీ మీద, మధ్యలో బిర్యానీ పొట్లం పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చేవాడు, నేను పూలు లేకపోయినా తల నున్నగా దువ్వుకుని వెళ్ళేదాన్ని. పెళ్ళై రెండేళ్ళయినా పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టే ఉండేది నాకు.

రంజాన్ పండక్కి మా మేడం వాళ్ళు సలాలా వెళ్ళారు. నాకు సెలవు దొరికింది. పెద్దాయన ఇంకో మాట అన్నాడు. ఖాళీ బండి ఎవడైనా తోలతాడు, మనుషులను ఎక్కించుకుని వెళ్ళమని. అందుకని మేం నలుగురం పోగయ్యాం. మా ఆయన, నేను, మా పక్క సందులో ఒక ఇంట్లో వంటచేసే కడప అక్క, ఆయన రూమ్‌లో ఉండే మేస్త్రీ. ఆ మేస్త్రీ కూడా జగిత్యాల వైపువాడే, మా ఆయనను అన్న అని, నన్ను వదినె అని పిలిచేవాడు. అక్క నాకంటే పెద్దది. ఒమన్ వచ్చి చాలా ఏళ్ళయినా ఇసుక దిబ్బను దగ్గరగా చూడలేదట. "ఈ దేశమొచ్చి ఎడారి జూడకుండా పోతే ఊళ్ళో నవ్వుతారుమ్మే" అని రాగిపిండి డబ్బాతో సహా తయారైంది.

బయలుదేరే ముందు ఆ గది చూపించమని అడిగాను. పెద్దాయన తాళం తీసి, తలుపు దగ్గరే నిలబడి, నేను లోపలికి వెళ్ళేదాకా ఆగాడు. గోడకు ఒక మేకు. కిటికీలోంచి మేకల దొడ్డి కనబడుతుంది. ఒక మూల గ్యాస్ పొయ్యి పెట్టుకోవచ్చు, ఇంకో మూల మంచం. రెంటికీ మధ్య ఇద్దరు మనుషులు ఒకరికొకరు తగలకుండా తిరగడానికి చోటు లేదు. అది చూసి నాకు ఎంత ఆనందమైందో.

"ఏందిమే, రాజమహల్ జూసినట్టు జూస్తాండావ్" అంది అక్క.

"పొయ్యి ఇటు పెడితే పొగ కిటికీలోంచి పోతుంది కదక్కా?"

"ముందు బండి తోలనీ నీ మొగుణ్ణి. పొయ్యి సంగతి తర్వాత."

ఇసుక మొదలైన చోట మా ఆయన దిగి, చక్రాల్లో గాలి సగం తీసేశాడు. గాలి ఎక్కువుంటే చక్రం ఇసుకను కోస్తుందట, తక్కువుంటే పైన తేలుతుందట. గాలి తీస్తున్నప్పుడు వచ్చే ఆ బుస్సుమనే చప్పుడుకు అక్క దేవుళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుంది. మేస్త్రీ మాత్రం గుప్పెడు ఇసుక తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, పెదవి విరిచాడు.

"గిది పనికిరాదన్నా. సిమెంటు పట్టది. గింత ఇసుకుండి ఏం ఫాయిదా?"

"మనం ఇల్లు కడ్తలేం గదరా, ఎక్కు" అన్నాడు మా ఆయన.

మొదటి దిబ్బ ఎక్కేటప్పుడు రెండు చేతులతో సీటు పట్టుకున్నాను. దిగేసరికి గట్టిగా నవ్వాను. మూడో దిబ్బకు అక్క కూడా కళ్ళు తెరిచింది. మా ఆయన పద్ధతిగా తోలాడు. దిబ్బకు ఎదురుగా వెళ్ళడం, పైకొచ్చేసరికి కాలు తీయడం, అటువైపు ఏముందో చూసి గాని దిగకపోవడం. నుదుటి మీద చెమట పడుతున్నా తుడుచుకోడు. నేను ఆయన తోలడం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పక్క సీటులో కూర్చుని ఆయన చేతినే చూస్తూ ఉన్నాను. మేస్త్రీ వెనకనుంచి దగ్గాడు. అప్పుడు బయటికి చూశాను.

ఎండ చల్లబడేవేళకు ఆ తోపు చేరాం. పెద్దాయన ఆ చెట్లను గాఫ్ అన్నాడు. మేస్త్రీ దిగి ఒక కొమ్మ పట్టుకుని చూసి, గబుక్కున చెప్పులు విడిచేశాడు.

"అన్నా! జమ్మి!"

నిజంగానే జమ్మిచెట్టు. చుట్టూ ఎటు చూసినా ఇసుక, మధ్యలో మన జమ్మి, దాని నీడలో ఒంటె పెంట. దసరా ఇంకో వారంలో ఉంది. మేస్త్రీ దండం పెట్టి, ఆకు తెంపి, వాళ్ళ ఊరి పద్ధతిలో అందరి చేతుల్లో బంగారం అని పెట్టి, మా ఆయనను కౌగిలించుకున్నాడు. ఆడవాళ్ళకు దండం పెట్టాడు. దసరా ముందే అయిపోయిందని ఒక్కటే సంబరం. మా వైపు ఈ ఆకు పంచుకోవడం నేను చూడలేదు. కొంగున ముడి వేసుకున్నాను.

అక్క మూడు రాళ్ళు వెతికి పొయ్యి పెట్టి సంగటి గెలికింది. నేను తెచ్చిన పులిహోర, మేస్త్రీ కాల్చిన కోడి, సంగటిలో పంటికింద ఇసుక. ఎంత జాగ్రత్తగా మూతపెట్టినా ఇసుక పడుతూనే ఉంది. నమలకుండా మింగమంది అక్క, సంగటి మింగాల్సిందేనట ఎలాగూ. ఉన్నది ఒకటే గుడారం. ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు బయట అనుకున్నాం. అక్క తన దుప్పటి తీసుకెళ్ళి బండి వెనక పరుచుకుంది.

"మరిదీ, నాకు ఆ సంచిలో గాలాడదు. మీరిద్దరూ పోయి పండుకోండి."

మా ఆయన నేల చూశాడు. నేను ఆకాశం చూశాను. మేస్త్రీ చాలా దూరంగా వెళ్ళి జమ్మిచెట్టు కింద పడుకున్నాడు. ఆ గుడారంలోనే మా ఆయన గురక పెడతాడని నాకు తెలిసింది. సన్నంగా మొదలై, ట్రాక్టరు గట్టెక్కుతున్నట్టు పెరిగి, హఠాత్తుగా ఆగిపోయేది. ఆగినప్పుడల్లా భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మర్నాడు పొద్దున్నే టీ తాగి తిరుగు ప్రయాణం. సగం దారి పైనే వచ్చేశాం. దూరంగా ఒక దిబ్బ, అది దాటితే చదునే, అక్కడనుంచి క్యాంపు ఎంతో దూరం లేదు. మా ఆయన ఈల వేస్తున్నాడు. నేను మనసులో గది కిటికీకి తెర కుట్టేస్తున్నాను.

ఆ దిబ్బ పైకి రాబోతూ, కాస్త కిందనే బండి ఆపాడు. అటువైపు ఎలా ఉందో చూసి రమ్మని మేస్త్రీని పంపాడు. మేస్త్రీ పైకెక్కి, అటు చూసి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. వద్దు, అటు కోసుకుపోయి ఉంది, దిగలేం అని అర్థం. వెనక్కి చూస్తే మేం ఎక్కిన జాడ నిటారుగా ఉంది. నాకు గాభరా పుట్టి, ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఏవండీ, ఎల్లా?" అన్నాను.

మా గోదావరి వైపు కంగారుపడితే ఎల్లా అనే అంటాం. ఎలాగ, ఏం చేద్దాం అని. ఆయన వైపు ఎట్ల అంటారు. సైటులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన వినేది ఇంకో మాట. ఫోర్‌మన్ అరిచినా, వీసా ఇచ్చిన కఫీల్ అరిచినా, లారీ వాడు అరిచినా, యల్లా. పద, కానీ, తోలు. ఆ మాట చెవిన పడగానే ఆయన కాలు దానంతట అదే యాక్సిలేటరు తొక్కుతుంది.

తొక్కింది.

బండి గర్జించి పైకెగిరింది. మేస్త్రీ పక్కకు దూకి దొర్లుకుంటూ పోయాడు. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, కడుపు దిబ్బ అంచున ఆని బండి చతికిలబడింది. మేస్త్రీ ఇసుక దులుపుకుంటూ లేచి నిలబడ్డాడు, అక్క గాజులు లెక్కపెట్టుకుంది.

"నువ్వే గద యల్లా అన్నవ్!" అన్నాడు మా ఆయన.

"నేనెక్కడన్నానండీ? ఎల్లా అన్నాను!"

"అదే గద నేనంటున్న. యల్లా అన్నవ్, కొట్టిన."

"ఎల్లా అంటే ఎల్లాగ అనండీ బాబూ! తోలమని కాదు!"

"ఎట్ల అను మరి! తెలుగు రాదా?"

అంతే. నాకు తెలుగు రాదన్నాడు. రెండేళ్ళనుంచి మెత్తగా మాట్లాడిన నా నోరు ఎక్కడనుంచి తెచ్చుకుందో అన్ని మాటలు. ఆయన కూడా తక్కువ తినలేదు. నువ్వు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే ఎవడికైనా తోలడం వస్తదా అన్నాడు. మేస్త్రీ చేతులు ఊపుతుంటే మీ కళ్ళేమైపోయాయి అన్నాను. గురక సంగతి కూడా లాగాను. ఆ ఎండలో, చెరోవైపు మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల కింద ఇసుక తవ్వుతూ, బండి కిందనుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పోట్లాడుకున్నాం. నెలకో పూట కలిసే వాళ్ళకు తగువులాడుకునే తీరికెక్కడిది? ఉన్న కాసేపూ మంచిగా ఉండాలని ఇద్దరం జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళం. అదే మా మొదటి పోట్లాట.

అక్క నీడ కోసం దుప్పటి పట్టుకుని నిలబడి పడీపడీ నవ్వింది. "ఇప్పుడు గదమ్మే మొగుడూ పెండ్లాలయినారు మీరు!"

తవ్వినకొద్దీ ఇసుక జారి మళ్ళీ నిండింది. బండిలో కాళ్ళ కింద పరిచే పట్టలు తీసి చక్రాల కింద వేశాం, గుడారం మడిచి వేశాం, పొయ్యికి ఏరగా మిగిలి బండిలో పడేసుకున్న జమ్మికొమ్మలు కూడా వేశాం. చక్రం వాటన్నిటినీ మింగి ఇంకా లోపలికి దిగింది. మధ్యాహ్నం దాటింది. నీళ్ళు అడుగుకు వచ్చాయి. మొదట నవ్విన అక్క ఇప్పుడు నవ్వడం లేదు. బండి నీడలో కూర్చుని, తల తిరుగుతోందని కళ్ళు మూసుకుంది. ఆమెకు బీపీ ఉందని నాకు తెలుసు.

అప్పుడు వచ్చింది ఒక పికప్. వెనక నాలుగు మేకలు. తోలుతున్నది ఆడమనిషి. ముక్కు మీదుగా గట్టి గుడ్డ ముసుగు, చేతులకు గోరింటాకు. ఆ ఇసుక మీద ఆమె పికప్ మా ఊరి కాలువలో పడవలా వచ్చింది. మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా, దిగి, వెనకనుంచి తాడు తీసి విసిరింది.

మా ఆయన తాడుకు అడ్డంగా నిలబడ్డాడు. "నో రస్సీ! రస్సీ నై!"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎండదెబ్బ తగిలిందనుకుని ఉంటుంది. నావైపు తిరిగి, ఏం జరిగిందన్నట్టు చెయ్యి తిప్పింది. నాకు వచ్చిన వంటింటి అరబ్బీలో, తాడు కడితే పని లేదు, గది లేదు అని చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. ఆమె అక్క దగ్గరికి వెళ్ళి, ముఖం చూసి, తన నీళ్ళ డబ్బా తెచ్చి తాగించింది. మళ్ళీ తాడు పట్టుకుని మావైపు చూస్తూ నిలబడింది.

మా ఆయన నన్ను చూశాడు. నేను అక్కను చూశాను. అక్క పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"కట్టించండి" అన్నాను.

ఒక్క గుంజుతో బండి బయటికొచ్చింది. అన్నిగంటలు మేం చేసిన పని ఆమె టీ తాగినంత సేపట్లో చేసి, మిగిలిన పులిహోర డబ్బా ఇస్తే మూత తీసి వాసన చూసి, అదీ పుచ్చుకుని వెళ్ళిపోయింది. నీళ్ళు పడ్డాక అక్క తేరుకుంది. తేరుకోగానే మొదటి మాట, "ఎవురూ సూళ్ళేదు గదా?"

దారిపొడుగునా ముగ్గురం అదే చెప్పాం. ఎవరూ చూడలేదు. మనం ఎవరికీ ఫోన్ చేయలేదు, పిలవలేదు. ఆమె తనంతట తానే వచ్చింది. అది రస్సీ కిందకు రాదు. మేస్త్రీ అయితే ఒట్టు కూడా పెట్టాడు. మా ఆయన ఇసుక మీంచి చూపు తిప్పకుండా తోలాడు.

పెద్దాయన వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నాడు. లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లకు గాలి చూశాడు. అక్కడితో అయిపోయేదే. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ అడిగాడు.

"రస్సీ?"

నేను కొంగు పట్టుకుని నిలబడ్డాను. కొంగు ముడిలో జమ్మాకు ఎండి గలగలమంది.

"ఆయా" అన్నాడు మా ఆయన.

పెద్దాయన నవ్వు తగ్గలేదు. తల ఊపాడు. కూర్చోబెట్టి కహ్వా అనే వాళ్ళ కాఫీ పోశాడు, ఖర్జూరాలు పెట్టాడు, అక్క ఆరోగ్యం అడిగాడు. ఇంకో మనిషి రేపు వస్తాడని, అతనికి ఇసుక తెలుసని చెప్పాడు. కోపం లేదు, చులకన లేదు. ఆయనకు ఒక డ్రైవరు కావాలి, మా ఆయన ఆ డ్రైవరు కాదు. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మినీబస్సులో ఎక్కగానే మొదలుపెట్టాను.

"ఎందుకు చెప్పారు?"

"అడిగిండు, చెప్పిన."

"అడిగితే మాత్రం? ఆయన చూశాడా? పోయింది ఎవరి గది?"

"నా గది గాదా? నాకు లేదా బాధ?" ఆయన గొంతు పెరిగింది. "రేపు పిల్లలున్నోళ్ళు ఎక్కుతరు ఆ బండిల. ఒకడు ఒక మాట ఏదో అంటడు, నేను ఇంకోటి వింట. అప్పుడెట్ల?"

"ఇప్పుడు నేనెల్లా? అది చెప్పండి!"

ముందు సీట్లో ఉన్న మలయాళీలు వెనక్కి తిరిగి చూశారు. మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదని నాకు తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా గట్టిగా అరిచాను. ఆయన కూడా అరిచాడు. మీకు నామీద ప్రేమ లేదన్నాను. ఆయన నోరు తెరిచాడు, దానికి ఏదో పెద్ద జవాబే చెప్పబోయాడు. ముఖం ఎర్రగా అయింది, కళ్ళు తడిశాయి. ఆ జవాబు నాకు కావాలి.

డ్రైవరు "ఇబ్రా, ఇబ్రా" అని కేకేశాడు.

మేస్త్రీ దిగాడు. వెనక జనం తోస్తున్నారు. మా ఆయన సంచి తీసుకుని దిగి, కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను అద్దం జరిపాను. ఆయన చెప్పబోయాడు. బస్సు కదిలింది. రెండడుగులు పక్కనే నడిచి, "నాది ఇంక అయిపోలే. వచ్చే నెల జెప్త" అన్నాడు.

నాకు ఫక్కున నవ్వొచ్చింది. వచ్చే నెలకు ఇద్దరం మళ్ళీ బెంచీ మీద పొట్లం పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటామని నాకు తెలుసు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తాడు, ఉన్న ఒక్క పూటా పాడుచేసుకోవడం ఎందుకని ఆ జవాబు చెప్పడు, నేనూ అడగను. అక్క నా తల తన భుజానికి ఆనించుకునేదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు.